పాప ఎవరి పుస్తకంలో ఎక్కాలి? ‘నోబడీ వాంట్స్ దిస్’ చూశాక మా ఇంట్లో మొదలైన మాట

కొత్తరోడ్డు కోడలు · సోమవారం రాత్రి 11:40

అందరికీ నమస్తే. పాప పడుకున్నాక రోజుకి ఒకటో రెండో భాగాల చొప్పున నేనూ మా ఆయనా నెట్‌ఫ్లిక్స్‌లో ‘నోబడీ వాంట్స్ దిస్’ రెండు సీజన్లూ పూర్తిచేశాం. మొదటిది 2024 సెప్టెంబరు 26న వచ్చింది, రెండోది 2025 అక్టోబరు 23న. సీజన్‌కి పది భాగాలు, ఒక్కోటి అరగంటకి అటూ ఇటూ. ముగింపు చెప్పేస్తున్నాను, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

లాస్ ఏంజెలెస్‌లో జోవాన్ అనే అమ్మాయి (క్రిస్టెన్ బెల్) తన తోబుట్టువు మోర్గన్‌తో కలిసి పాడ్‌కాస్ట్ చేస్తుంటుంది. దేవుడూ పూజా పెద్దగా పట్టవు. నోవా (ఆడమ్ బ్రోడీ) రబ్బీ, అంటే యూదుల మతగురువు. ఒక విందులో కలుస్తారు, ఇష్టపడతారు. అతను వాళ్ల యూదుల గుడికి పెద్ద రబ్బీ కావాలంటే భార్య యూదురాలై ఉండాలి. ఆ అమ్మాయి మతం మారాలి, లేదా ఇతను ఆ పదవి వదులుకోవాలి. మొదటి సీజన్ చివర్లో తన వల్ల అతనికి ఈ చిక్కు వద్దని ఆమె వెళ్లిపోతుంది, అతను వెనకే వస్తాడు. రెండూ దక్కవని తెలిసే వచ్చాడు. అక్కడితో అయిపోయింది.

మా కథ సరిగ్గా అక్కడ మొదలైంది.

మా పుట్టింట్లో తొలి పుట్టువెంట్రుకలు సింహాద్రి అప్పన్నకే. మా అత్తగారిది విశాఖ వన్ టౌన్, కన్యమేరీ కొండ కింద తరాలుగా ఉన్న ఆర్సీఎం (రోమన్ క్యాథలిక్) కుటుంబం. అయిదేళ్ల కింద రిజిస్ట్రారు ఆఫీసులో ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నాం. ఎవరమూ మతం మారలేదు, మారమని ఎవరూ గట్టిగా అడగనూ లేదు. అదృష్టవంతులం అనుకున్నాం. ఇప్పుడు పాపకి పదకొండో నెల. మా అమ్మ ‘ఏడాది లోపల అప్పన్న దగ్గరికి తీసుకెళ్లాలే’ అంటోంది. మా అత్తమ్మ ‘జ్ఞానస్నానం ఎప్పుడమ్మా’ అంటోంది. ఇద్దరూ మెల్లగానే అడుగుతున్నారు, గట్టిగా అడిగినా బాగుండేది.

సిరీస్ నవ్విస్తుంది, నిజం. కానీ ఇద్దరిలో ఎవరు కదలాలి అన్న ప్రశ్నని ఒక్క క్షణం కూడా దాచలేదు, అందుకే నాకు నచ్చింది. మన సినిమాల్లో పెద్దలు ఒప్పుకోగానే కథ అయిపోతుంది. ఒప్పుకున్నాక ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ చూపించరు. మీలో ఈ దారి నడిచినవాళ్లు చెప్పండి. సలహా కాదు, మీ ఇంట్లో ఏం చేశారో చెప్పండి చాలు.

ఎంవీపీ పాప · సోమవారం రాత్రి 11:58

అక్కా, నేను మొదటి సీజన్ రెండుసార్లు చూశాను! ఆ హామ్ ముక్కల సీను గుర్తుందా? జోవాన్ పాపం తెలియక వాళ్లింటికి పంది మాంసం ఉన్న పళ్లెం పట్టుకెళ్తుంది. అందరూ బిగుసుకుపోతారు. తర్వాత చూస్తే నోవా వాళ్ల అమ్మ బీనా వంటింట్లో ఒక్కతే నుంచుని అదే తినేస్తూ దొరికిపోతుంది. పగలబడి నవ్వాను. మా నాయనమ్మ కార్తీకమాసంలో ఉల్లిపాయ పకోడీ తింటూ దొరికిపోయినట్టే.

సిరిపురం చదువరి · మంగళవారం ఉదయం 7:15

ఆ సీను నాకూ నచ్చింది, కానీ ఒక ఇబ్బంది చెప్పాలి. ఇందులో యూదు ఆడవాళ్లందర్నీ ఒకసారి వరసగా తలుచుకోండి. తల్లి బీనా కోడల్ని అడ్డుకునే మనిషి. వదిన ఎస్తర్ మొహం చిట్లించుకునే మనిషి. పాత ప్రియురాలు రెబెక్కా ఉంగరం దొరకగానే పెళ్లి అయిపోయినట్టే అనుకునే మనిషి. వీళ్లందరి మధ్య బయటి నుంచి వచ్చిన జోవాన్ ఒక్కతే గాలీ వెలుతురూ ఉన్న మనిషి. సిరీస్ వచ్చినప్పుడే యూదు రచయిత్రులు ఈ మాట గట్టిగా అన్నారు. ప్రేమ గొప్పదని చూపించడానికి ఇంటి ఆడవాళ్లని చిన్నబుచ్చడం మనకీ బాగా తెలిసిన పద్ధతే. మన సినిమాల్లో మేనత్త, మేనమామ కూతురు, ఇంటి కోడలు ఎలా ఉంటారో చూడండి.

సృష్టికర్త ఎరిన్ ఫోస్టర్ తన సొంత అనుభవంలోంచే ఇది రాసుకున్నారు. ఆమె యూదు మతం తీసుకుని ఆ అబ్బాయిని పెళ్లి చేసుకున్నారు. కాబట్టి బయటి నుంచి వెళ్లినామె కళ్లతో చూస్తే ఆ ఇంటి ఆడవాళ్లు అలా కనిపించి ఉండొచ్చు. రెండో సీజన్‌లో ఎస్తర్‌కి మనసూ బాధా ఇచ్చారు, అది చాలా మేలు. చివర్లో జోవాన్ తనని తాను అర్థం చేసుకునేలా మాట్లాడింది కూడా ఆ ఎస్తరే.

రేపటి నోటీసు · మంగళవారం ఉదయం 9:02

కోడలుగారూ, ఈ చర్చ నాకోసమే మొదలుపెట్టినట్టుంది. నేను హిందువుని, గాజువాక. తను ముస్లిం, అక్కయ్యపాలెం. ఇద్దరం ఒకే కంపెనీ. ఇద్దరిళ్లల్లోనూ చెప్పాం. వాళ్ల నాన్నగారు మూడు నెలలుగా తనతో మాట్లాడటంలేదు. మా ఇంట్లో మాట్లాడుతున్నారు గానీ ఈ ఒక్క విషయం తప్ప అన్నీ మాట్లాడుతున్నారు. మతం మారమని ఒకరినొకరం అడగం అని ముందే అనుకున్నాం.

రిజిస్ట్రారు ఆఫీసు నోటీసు బోర్డు మీద 30 రోజులు మన పేర్లు ఉంచుతారంట కదా. ఆ 30 రోజులు ఎలా గడిపారు? తను దానికే భయపడుతోంది.

గాజువాక లాయరమ్మ · మంగళవారం మధ్యాహ్నం 1:30

రేపటి నోటీసుకి చెప్తున్నాను, మిగతావాళ్లకీ పనికొస్తుంది.

1954 ప్రత్యేక వివాహ చట్టంలో ఎవరూ మతం మారక్కర్లేదు. అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చే ముందు కనీసం 30 రోజులు ఈ జిల్లాలో ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు అభ్యంతరాలకి గడువు. ఇక్కడే చాలామంది పొరపడతారు. ‘మాకు ఇష్టంలేదు’ అన్నది అభ్యంతరం కాదు. వయసు చాలకపోవడం, ఇంతకుముందే పెళ్లయి ఆ భార్యో భర్తో బతికుండటం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, నిషిద్ధ బంధుత్వం వంటి చట్టం చెప్పిన కారణాలకే విలువ. తండ్రిగారు వచ్చి ‘నేను ఒప్పుకోను’ అంటే చట్టం దృష్టిలో అది అభ్యంతరమే కాదు. 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు ఆ నోటీసు బహిరంగంగా పెట్టాలో వద్దో జంట ఇష్టానికే వదిలేయాలని చెప్పింది. మంచి తీర్పే గానీ అది ఆ రాష్ట్రం మాట. ఇక్కడ నోటీసు పెడతారనే అనుకుని సిద్ధపడండి.

ఒక ముఖ్య విషయం. మీలో ఒకరి శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు ప్రతి అక్కడి ఆఫీసుకీ వెళ్తుంది. అది తెలియక ఊళ్లో పెద్దలకి ముందే తెలిసిపోయి అల్లాడిన పిల్లల్ని చూశాను.

పెళ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు పెళ్లి జరగకపోతే మళ్లీ మొదటి నుంచీ రావాలి.

ఇంకొకటి, కోడలుగారు చేసిన పనే సరైనదని ఎందుకంటానో చెప్తాను. ‘గుళ్లో తాళి కట్టేసి హిందూ వివాహం కింద రిజిస్టరు చేయించుకుందాం, తేలిక’ అని చెప్పేవాళ్లు ఉంటారు. ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే. 1996లో ఒక రోమన్ క్యాథలిక్ అబ్బాయి ఒక హిందూ అమ్మాయికి గుళ్లో తాళి కట్టి, ఆ చట్టం కిందే రిజిస్టరు కూడా చేయించాడు. మన రాష్ట్రం నుంచే వెళ్లిన ఆ కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లదంది. చేతిలో సర్టిఫికెట్ ఉన్నా పెళ్లి లేనట్టే.

దర్గాకొండ నీడ · మంగళవారం సాయంత్రం 5:20

అస్సలాము అలైకుం, నమస్కారం. మాది పాత ఊరు, ఇషాక్ మదీనా బాబా దర్గా కొండ కింద. నేను కాస్త వేరే మాట చెప్తాను, ఎవరూ తప్పుగా అనుకోవద్దు.

సిరీస్ మా చెల్లి పట్టుబట్టి చూపించింది. నోవా మంచి కుర్రాడు. రెస్టారెంట్లో బల్ల మీద కొవ్వొత్తులు పెట్టి ఆ అమ్మాయికి షబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) అంటే ఏంటో చూపించినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. దీన్ (తన మతధర్మం) అంటే మనిషికి ఎంత తీపో తెలిసినవాడే అలా చూపించగలడు. మరి అదే మనిషి గుడిని వదిలి పరుగెత్తుకుని వస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చప్పట్లు రాలేదు. ఆ గుళ్లో పిల్లలకి చదువు చెప్పేది అతనే, చావుకీ పుట్టుకకీ పిలిచేది అతన్నే. వాళ్ల సంగతేంటి?

మన ఊరి మూడు కొండల గురించి బయట అందరూ గొప్పగా చెప్తారు. హార్బరు పక్కన చర్చి కొండ, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ. ఉరుసుకి హిందువులు చాదర్లు తెస్తారు, మేం ప్రసాదం తీసుకుంటాం. అది నిజం, అబద్ధం కాదు. కానీ మూడు కొండలకీ మెట్లు వేరు. ఒకరి మెట్ల దాకా వెళ్లి పలకరించడం ఒకటి, అక్కడే కాపురం పెట్టడం ఇంకొకటి. రేపటి నోటీసు తమ్ముడూ, ఆ అమ్మాయి నాన్నగారి మౌనం కోపమే అనుకోకు. ఆయన ప్రతి నమాజులో కూతురి కోసమే ఏడుస్తుండొచ్చు.

రేపటి నోటీసు · మంగళవారం సాయంత్రం 6:05

భాయ్, మీ మాట తనకి చదివి వినిపించాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ‘మా అబ్బా కూడా ఇలాగే చెప్పుంటే వినేదాన్ని’ అంది.

బురుజుపేట బాబాయ్ · మంగళవారం రాత్రి 8:45

మార్గశిరం కదమ్మా, మా వీధిలో లక్షివారం వచ్చిందంటే కనకమాలక్ష్మి అమ్మవారి క్యూ మా గుమ్మం దాకా వచ్చేస్తాది. కాబట్టి ఆలస్యంగా చూశాను.

నీడ బాబు చెప్పిన దాంట్లో నిజం ఉంది. ఒక్క మాట కలుపుతాను. మా అమ్మవారి దగ్గర ఎవరి చేత్తో వాళ్లే పసుపూ కుంకుమా పెట్టుకోవచ్చు. నువ్వెవరు, ఏ కులం, ఎవరమ్మాయివి అని అడిగేవాడు ఉండడు. తలమీద కప్పు కూడా లేని తల్లి ఆవిడ. చిన్నప్పటి నుంచీ నేను చూసింది అదే. మెట్లు వేరైనా కొన్ని చోట్ల ద్వారం ఉండదు బాబూ.

మా రోజుల్లో అయితే మన బీచ్‌లో కథ జరిగిన ‘మరో చరిత్ర’ 1978లో చూసి ఊరంతా ఏడ్చాం. అక్కడ మతం కూడా కాదు, ఒకరు తెలుగూ ఒకరు తమిళం. అంతమాత్రానికే చివర్లో ఇద్దర్నీ చంపీసారు. ఇప్పుడు రబ్బీ అంట, పాడ్‌కాస్ట్ అంట, నవ్వుకుంటూ చూస్తన్నారు. నాకు సంతోషంగా ఉంది.

గోపాలపట్నం మాస్టారు · బుధవారం ఉదయం 6:30

అందరి మాటలూ చదివాను. ఒక సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను ఎత్తాలి.

సిరీస్‌లో జోవాన్ వాళ్ల ఇంట్లో అభ్యంతరం పెట్టేవాళ్లే లేరు. ఆమె కుటుంబానికి పోయేదేమీ లేదు కాబట్టి. ఇక్కడ అలా కాదు. మన దగ్గర అమ్మాయి ‘అతను క్రిస్టియన్ నాన్నా’ అనగానే తండ్రి నోటి నుంచి వచ్చే తర్వాతి ప్రశ్న ‘ఏ క్రిస్టియన్?’ అని. ఆ ప్రశ్న మతం గురించి కాదు. నేను అలాంటి ఇంట్లోనే పుట్టాను, అడిగించుకున్నాను.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే షెడ్యూల్డ్ కులంగా లెక్క. బాప్తిస్మం తీసుకుంటే ఆ హోదా పోతుంది. మన రాష్ట్రంలో అలా మారినవాళ్లని, వాళ్ల పిల్లల్ని బీసీ సీ కింద పెట్టారు, వాటా ఒక్క శాతం. మరి వీధిలో మమ్మల్ని చూసే చూపు మారిందా? మారలేదు. అందువల్ల చాలా ఇళ్లల్లో ఆదివారం చర్చికి వెళ్తారు, కాగితంలో హిందూ అని ఉంటుంది. నేను వాళ్లని తప్పుపట్టను. కడుపుకోసం, పిల్లల సీటు కోసం రాయించుకున్న మాట అది.

కోడలుగారి ఇంట్లో ఈ లెక్క ఉందో లేదో నాకు తెలియదు, అడగను కూడా. కానీ పాప పేరు ఏ రిజిస్టరులో ఎక్కుతుందన్నది మన దేశంలో దేవుడికీ పాపకీ మధ్య మాత్రమే ఉండే విషయం కాదు. అమెరికా సిరీస్‌లో ఆ బరువు కనిపించదు. మనం దాన్ని చూసి నవ్వేటప్పుడు ఈ తేడా గుర్తుంటే మంచిది.

సిరిపురం చదువరి · బుధవారం ఉదయం 8:10

మాస్టారూ, మీరు రాసింది మూడుసార్లు చదివాను. 2022లో వచ్చిన ‘అంటే సుందరానికీ’ సినిమాలో అబ్బాయిది బ్రాహ్మణ ఇల్లు, అమ్మాయిది క్రైస్తవ ఇల్లు. వివేక్ ఆత్రేయ చాలా శ్రద్ధగా తీశారు, నాని, నజ్రియా బాగా చేశారు. అయితే పెద్దల్ని ఒప్పించడానికి ఇద్దరూ అబద్ధం మీద అబద్ధం అల్లుకుంటూ పోతారు. నేరుగా అడిగితే ఒప్పుకోరన్న భయం కథలో మొదటి నుంచీ ఉంది. ఆ భయంలో మతం ఎంత, కులం ఎంత అని మీరు చెప్పాకే ఆలోచించాను.

ఉపదేశి · బుధవారం మధ్యాహ్నం 12:15

ప్రభువు నామంలో వందనాలు. ముప్పై ఏళ్లుగా మా విచారణలో (చర్చి పారిష్‌లో) ఉపదేశిగా పనిచేస్తున్నాను. కోడలమ్మా, మీ అత్తమ్మగారి వైపు నుంచి కొంచెం చెప్తాను.

సిరీస్‌లో రబ్బీ భార్య మతం మారాలంటారు. మన క్యాథలిక్ సంఘంలో ఆ షరతు లేదు. క్రైస్తవేతరుల్ని పెళ్లి చేసుకోవాలంటే బిషప్‌గారి మినహాయింపు కావాలి, అంతే. కానీ క్యాథలిక్ అయిన మనిషి ఒక మాట ఇవ్వాలి. పుట్టే పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించడానికి, ఆ విశ్వాసంలో పెంచడానికి తన శక్తి కొద్దీ ప్రయత్నిస్తానని. రెండోవారి చేత మాట తీసుకోరు, ఇలాంటి మాట ఇచ్చారని తెలియజేస్తారంతే. 1983 నాటి సంఘ ధర్మశాస్త్రంలో ఇదే ఉంది.

మీరు రిజిస్ట్రారు దగ్గర చేసుకున్నారు కాబట్టి మీవారు ఆ మాట ఇచ్చి ఉండకపోవచ్చు. కానీ మీ అత్తమ్మ ఇవ్వకుండానే ఆ మాట మోస్తున్నారు. పాపకి జ్ఞానస్నానం ఇవ్వాలంటే తల్లిదండ్రుల్లో ఒకరైనా ఒప్పుకోవాలి, పాప ఆ విశ్వాసంలో పెరుగుతుందన్న నమ్మకం ఫాదర్‌గారికి కలగాలి. ఫొటోలకోసం చేయించుకునే వేడుకగా మాత్రం దాన్ని చేయించకండి. ఆలస్యమైనా పర్వాలేదు, మనసులో లేనిది చేయకండి.

కొత్తరోడ్డు కోడలు · బుధవారం రాత్రి 11:10

ఉపదేశిగారూ, నాకు ఇన్నాళ్లూ మింగుడుపడనిది మీరు పేరు పెట్టి చెప్పారు. అప్పన్న దగ్గర వెంట్రుకలు ఇస్తే పాప ఏ పుస్తకంలోనూ ఎక్కదు. ఎవరికీ మాట ఇవ్వక్కర్లేదు. జ్ఞానస్నానానికి మాట ఇవ్వాలి, పేరు రాస్తారు. అందుకని నేను మా అమ్మ కోరికని చిన్నదీ, అత్తమ్మ కోరికని పెద్దదీ అనుకుంటూ వచ్చాను. ‘మా అమ్మ ఏమీ అడగట్లేదు కదా, ఉత్త జుట్టేగా’ అని మా ఆయనతో అన్నాను కూడా.

ఇవాళ సాయంత్రం అత్తమ్మ దగ్గర కూర్చుని, ఆ హామ్ ముక్కల భాగం పెట్టి, మాటలు తెలుగులో చెప్తూ చూపించాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. బీనా తలుపు చాటున తింటుంటే ‘పాపం, ఆవిడకి భయం అమ్మా’ అంది. దేనికి భయం అని అడిగాను. ‘తనే సరిగ్గా పట్టుకోలేకపోతోంది, ఇక కొడుకు కూడా వదిలేస్తే ఎవరు పట్టుకుంటారని’ అంది.

తర్వాత అంది కదా: ‘మీ దేవుడు గాలిలాగ అంతటా ఉన్నాడే. స్కూల్లో ఉన్నాడు, టీవీలో ఉన్నాడు, ఆటో అద్దం మీద ఉన్నాడు. పాప రేపు ఏం చేసినా మీకు దూరం కాదు. మేము పుస్తకంలో రాసుకోకపోతే మిగలమే.’

నాకు మాట రాలేదు.

ఎంవీపీ పాప · బుధవారం రాత్రి 11:25

అక్కా, నేను పగలబడి నవ్విన సీను అది.

సిరిపురం చదువరి · గురువారం ఉదయం 7:40

అత్తమ్మగారు సిరీస్ రాసినవాళ్లకన్నా బీనాని బాగా అర్థం చేసుకున్నారు. నా ఇబ్బంది ఏంటో కూడా ఆవిడే చెప్పారు. బీనా భయాన్ని గయ్యాళితనంగా చూపించారు.

ప్రపంచం మొత్తం మీద యూదులు కోటిన్నర పైచిలుకు మాత్రమే. వాళ్ల సంప్రదాయ ధర్మంలో తల్లి యూదురాలైతేనే బిడ్డ యూదు. అందుకే కోడలి మతం అంత పెద్ద ప్రశ్న. అమెరికాలో సంస్కరణవాద శాఖ 1983లో ఆ నియమాన్ని సడలించింది, తండ్రి యూదు అయినా బిడ్డని యూదుగా పెంచితే చాలంది. 2024 జూన్‌లో ఆ శాఖ రబ్బీలని తయారుచేసే హీబ్రూ యూనియన్ కాలేజీ, వేరే మతంవారిని పెళ్లి చేసుకున్నవాళ్లని చేర్చుకోకూడదన్న పాత నిబంధనని తీసేసింది. సిరీస్ రావడానికి మూడు నెలల ముందు! తెరమీద నోవా నలిగిపోతున్న ప్రశ్న మీద బయట అసలు రబ్బీలే ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఈ సంగతి తెలిశాక సిరీస్‌ని ఇంకోసారి చూడాలనిపించింది.

అల్లిపురం అమ్మ · గురువారం మధ్యాహ్నం 3:00

నాకు ఇలా రాయడం అలవాటులేదు, తప్పులుంటే క్షమించండి. మా అమ్మాయి ఎనిమిదేళ్ల కింద ముస్లిం అబ్బాయిని చేసుకుంది. రెండేళ్లు నేను మాట్లాడలేదు. నీడ బాబు తండ్రి మౌనం గురించి రాశాడు కదా, ఆ మౌనంలో ఉన్న మనిషిని నేను. నిజమే, ఏడ్చాను. కానీ అమ్మాయికి అది కనపడలేదు. కనపడనిది ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే బాబూ. ఆ రెండేళ్లలో దానికి ఒక ఆపరేషన్ జరిగింది, నాకు తెలియనివ్వలేదు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అన్నం దిగదు.

ఇప్పుడు మనవడు రంజాన్‌కి వాళ్ల నాన్నతో వెళ్తాడు, సంక్రాంతికి నా దగ్గర భోగిపళ్లు పోయించుకున్నాడు. వాడు ఏమవుతాడో నాకు తెలియదు. మనసు కుదుటపడిందని అబద్ధం చెప్పను. కొన్ని రాత్రులు అడుగుతాను, నేనెక్కడ తప్పుచేశానా అని. తెల్లారి వాడు ‘అమ్మమ్మా’ అని ఫోన్ చేస్తే లేచి పనిచేసుకుంటాను.

రేపటి నోటీసు బాబూ, ఆ అమ్మాయి చేత వారానికి ఒకసారైనా వాళ్ల అమ్మకి ఫోన్ చేయించు. ఎత్తకపోయినా చేయించు.

దర్గాకొండ నీడ · గురువారం సాయంత్రం 4:10

అమ్మా, మీ మాట తల మీద పెట్టుకున్నాను. కనపడని ఏడుపు గురించి నేను ఆలోచించలేదు.

గాజువాక లాయరమ్మ · గురువారం రాత్రి 9:20

ఆస్తి గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, తర్వాత ఎవరూ చెప్పలేదనకూడదు. ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందువు ఈ చట్టం కింద వేరే మతం వ్యక్తిని చేసుకుంటే ఉమ్మడి నుంచి విడిపోయినట్టు లెక్క. అప్పటిదాకా ఉన్న వాటా పోదు, విడిపోతుందంతే. ఇలా పెళ్లయినవాళ్ల వారసత్వానికి 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం వర్తిస్తుంది. రేపటి నోటీసూ, మీ నాన్నగారితో ఒకసారి కూర్చుని ఈ ముక్క చెప్పు. పెళ్లి గురించి మాట్లాడటానికి మొహమాటపడేవాళ్లు పొలం గురించైతే మాట్లాడతారు. మాట మొదలవడం ముఖ్యం.

సాక్షులు కుదిరారా?

రేపటి నోటీసు · గురువారం రాత్రి 10:00

ఇద్దరు కుదిరారు మేడమ్, ఆఫీసు స్నేహితులు. మూడో మనిషి పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండునని తను అంటోంది. మా చిన్నాన్నని అడిగాను, జవాబు రాలేదు.

బురుజుపేట బాబాయ్ · గురువారం రాత్రి 10:20

ఇవాళ లక్షివారం, ఇప్పుడే గుడి దగ్గర రద్దీ తగ్గింది. బాబూ, ఏ ఆఫీసో తేదీ ఏదో లాయరమ్మ ద్వారా చెప్పించు. ఆధార్ కార్డు పట్టుకుని బేగి వచ్చీస్తాను. పెళ్లికూతురికి నా వయసు సరిపోద్దో లేదో అడుగు, డెబ్బై ఒకటి.

కొత్తరోడ్డు కోడలు · ఆదివారం రాత్రి 10:35

మూడు రోజులు రాయలేదు, కారణం చెప్తాను.

శుక్రవారం మా ఆయనా నేనూ మాట్లాడుకున్నాం. పెళ్లికి ముందు మాట్లాడుకోవాల్సిన మాటలు అయిదేళ్ల తర్వాత. జ్ఞానస్నానం గురించి తనకి అసలు ఏమనిపిస్తోందని నేను ఎప్పుడూ అడగలేదు, ‘మీ అమ్మకి ఏం కావాలి’ అనే అడిగాను. తనకి కావాలంట. చిన్నప్పుడు కొండ మీద చర్చిలో పాటలు పాడేవాడంట, పాపకి ఆ పాటలు రావాలని ఉందంట. నేను బాధపడతానని అయిదేళ్లు నోరెత్తలేదు. సిరీస్‌లో ఒక చోట నోవా తన పెద్ద రబ్బీ ముందు జోవాన్‌ని స్నేహితురాలని పరిచయం చేస్తే ఆమె మొహం వాడిపోతుంది. మా ఇంట్లో మా ఆయన తన దేవుణ్నే అలా దాచుకున్నాడు, నా కోసం. అది తలుచుకుంటే గుండె పిండేసినట్టుంది.

జ్ఞానస్నానం ఇంకా నిర్ణయించుకోలేదు. ఉపదేశిగారు చెప్పినట్టు మనసులో లేని మాట ఇవ్వను. కానీ వచ్చే నెల నుంచి నేను కూడా కొండ మీదికి వెళ్తాను, ఏం జరుగుతుందో తెలియకుండా వద్దనడం ఇక నా వల్ల కాదు.

ఇవాళ పొద్దున్నే సింహాచలం వెళ్లాం. అత్తమ్మ రానంటుందనుకున్నాను, తనే ముందు తయారైంది. గుళ్లోకి రాలేదు. కేశఖండనశాల బయట చెట్టు కింద కూర్చుంది. లోపల పాప ఆకాశం పగిలేలా ఏడ్చింది, మా అమ్మ కూడా ఏడ్చింది. బయటికి తీసుకొచ్చేసరికి అత్తమ్మ సంచిలోంచి ఊలు టోపీ తీసింది. లేత పసుపు రంగు. వారం నుంచి రాత్రిళ్లు అల్లుతోందంట, మాకెవరికీ తెలియదు. కొండ మీద చలిగా ఉంటుందని. గంధం రాసిన గుండు మీద గంధం చెరగకుండా మెల్లగా తొడిగింది.

మా అమ్మ పక్కన కూర్చుని ‘ఇది ఎలా అల్లారొదినా, నాకూ చూపించండి’ అంది. కిందికి వచ్చేదాకా బస్సులో ఇద్దరూ కుట్ల లెక్కలే మాట్లాడుకున్నారు.

గోపాలపట్నం మాస్టారు · ఆదివారం రాత్రి 10:50

అమ్మా, కొండ మీదికి వెళ్లినప్పుడు పాటల పుస్తకం మీవారి చేతికివ్వకండి. మీరే పట్టుకోండి, తను చూడకుండానే పాడతాడు.

రేపటి నోటీసు · సోమవారం మధ్యాహ్నం 2:15

నోటీసు ఇచ్చాం. రసీదు చేతిలో ఉంది. బయటికి వచ్చాక తను వాళ్ల అమ్మకి ఫోన్ చేసింది. రింగ్ అయింది, ఎత్తలేదు. వచ్చే సోమవారం మళ్లీ చేస్తానంది.

ఇవాళ మొదటి రోజు.